గుంపు కూడితేనే విషమా?

ప్రశ్న: మధ్యాహ్నం వండిన కోడికూర సాయంత్రం దాకా గట్టు మీదే ఉంది. రాత్రి సలసలా మరిగించే తిన్నాం. అయినా మూడు గంటల్లో ఇంటిల్లిపాదికీ వాంతులు. మరిగిస్తే క్రిములు చావవా? మా అబ్బాయి ‘కోరమ్ సెన్సింగ్’ అంటాడు, అదేమిటి?
— ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: క్రిములు చచ్చే ఉంటాయి. అప్పటికే అవి వదిలిన విషం అలాగే ఉండిపోయింది. ఇంత త్వరగా వాంతులైతే ముందు అనుమానించాల్సింది స్టఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాని. మన ముక్కులో, చేతి పుండులో ఉండి, వండాక చెయ్యి తగిలితే కూరలో చేరుతుంది. దాని విషం అరగంట మరిగినా పోదు.

ఇక కోరమ్. సభ్యులు చాలినంతమంది రాకపోతే పంచాయతీలో తీర్మానం జరగదు కదా, ఇదీ అంతే. ప్రతి బ్యాక్టీరియా కణమూ 7 నుంచి 9 అమైనో ఆమ్లాల ఉంగరంలాంటి పెప్టైడ్‌ను (చిన్న ప్రొటీన్ ముక్కను) సంకేతంగా బయటికి వదులుతుంది. కణాలు పలచగా ఉంటే అది చెదిరిపోతుంది. కిక్కిరిస్తే కణం పొర మీది ఏజీఆర్‌సీ అనే గ్రాహక ప్రొటీన్‌కి అంటుకుంటుంది. ఏజీఆర్‌సీ నుంచి ఫాస్ఫేట్ అందుకున్న ఏజీఆర్‌ఏ అనే ప్రొటీన్, ఇతర జన్యువులను అదుపు చేసే ఆర్‌ఎన్‌ఏ-3 తయారీని మొదలుపెడుతుంది. ఆల్ఫా టాక్సిన్ అనే విషం పెరిగేది, కణజాలానికి అతుక్కునే ప్రొటీన్లు తగ్గేది దీనివల్లే.

అయితే అబ్బాయికి ఒక మాట చెప్పండి. వాంతులు తెప్పించే టాక్సిన్లలో బి, సి, డి రకాలు ఈ అదుపులో ఉన్నా, తరచూ కనిపించే ఎ రకం గుంపు కోసం ఆగదు. కానీ జబ్బు చేసేంత విషం పోగవ్వాలంటే గ్రాముకు సుమారు లక్ష కణాలు కావాలి. వెయ్యి పడ్డాయనుకోండి, అరగంటకోసారి రెట్టింపైతే మూడున్నర గంటల్లో 1,28,000!

కాబట్టి కూరను 60 డిగ్రీల పైన వేడిగా ఉంచండి. లేదా రెండు గంటల్లోపు (మన ఎండల్లో గంటలోపే) 5 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టండి. గిన్నెతో పెట్టకండి, నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. రెండంగుళాల లోతుకు మించకుండా వెడల్పు పళ్లేల్లో సర్దండి.

ప్రశ్న: ఈ సంకేతాన్ని అడ్డుకునే మందు కలరాకూ పనికొస్తుందా?
— ఎమ్మెస్సీ విద్యార్థి, గుంటూరు

జవాబు: వికటించవచ్చు. కలరా తెచ్చే విబ్రియో కలరే బ్యాక్టీరియాలో లెక్క తలకిందులు. గుంపు పలచగా ఉన్నప్పుడే టాక్సిన్ తయారవుతుంది. చిక్కబడ్డాక హ్యాప్‌ఆర్ ప్రొటీన్ టాక్సిన్ తయారీకి తోడ్పడే ఏపీహెచ్‌ఏ జన్యువును అణిచేసి టాక్సిన్‌ను తగ్గిస్తుంది, క్రిములను పేగు గోడ నుంచి విడిపించే ప్రొటియేజ్‌ను (ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌ను) పెంచుతుంది. సంకేతాన్ని అడ్డుకుంటే టాక్సిన్ ఆగకుండా సాగుతుంది. ఇక్కడ సంకేతాన్ని పెంచే మందు వెతకాలి. పరిశోధన పేపర్లు చదివేటప్పుడు స్ట్రెయిన్ (ఉపరకం) పేరు చూడండి. ఎన్16961 అనే స్ట్రెయిన్‌లో హ్యాప్‌ఆర్ జన్యువే చెడిపోయి ఉంటుంది, అందులో గుంపు ప్రభావం వెతకడం వృథా.