జావా ఏ ప్యాకేజీదో చెప్పడం లేదా? లింకు కొసదాకా వెళ్లి అడగండి

ఉబుంటు లినక్స్‌లో /యూఎస్ఆర్/బిన్/జావా ఏ ప్యాకేజీతో (ఒక ప్రోగ్రాం ఫైళ్ల మూట) వచ్చిందో ప్యాకేజీల లెక్క చూసే డీపీకేజీ -ఎస్‌ని అడిగితే ఏమీ దొరకలేదంటోంది, ఎవరో చేత్తో పెట్టిన ఫైలైతే తీసేయొచ్చా అని అడిగారు. తీసేయకండి. నేను తీసేశాను.

ఆఫీసులో పాత ఉబుంటు 20.04 సర్వర్ శుభ్రం చేస్తుంటే నాకూ అచ్చం ఇదే జవాబు వచ్చింది. ఏ ప్యాకేజీదీ కాదంటే ఎవరో కాపీ చేసి వదిలేసి ఉంటారనుకుని ఆర్ఎం (ఫైలు తీసేసే కమాండ్) కొట్టాను. బిల్లింగ్ ప్రోగ్రాం అప్పటికే నడుస్తోంది కనుక ఆ పూట ఏమీ కాలేదు. రాత్రి సర్వర్ రీబూట్ అయ్యాక అది మళ్లీ లేవలేదు. పొద్దున్నే ఫోన్ల మీద ఫోన్లు.

అసలు సంగతేమిటంటే, అది ఫైలు కాదు, లింకు, అంటే అసలు ఫైలు ఎక్కడుందో చూపే గుర్తు. ఎల్ఎస్ -ఎల్ (ఫైళ్ల వివరాలు చూపే కమాండ్) కొట్టి చూడండి: బాణం గుర్తు /ఈటీసీ/ఆల్టర్నేటివ్స్/జావా వైపు చూపిస్తుంది. అదీ ఇంకో లింకే! ఈ రెండూ ప్యాకేజీలో రావు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ (ఒకే ప్రోగ్రాం వెర్షన్లు కొన్ని ఉంటే ఏది నడవాలో చూసే సాధనం) వాటిని తయారుచేస్తుంది. డీపీకేజీ చూసేది ఒక్కో ప్యాకేజీ తెచ్చిన ఫైళ్ల జాబితాలనే, అవి /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫోలో ఉంటాయి. అందులో రాసి ఉన్న దారినే గుర్తుపడుతుంది తప్ప లింకు పట్టుకుని ముందుకు వెళ్లదు.

అందుకే ముందు, లింకు కొసదాకా వెళ్లి అసలు దారి చూపే రీడ్‌లింక్ -ఎఫ్ /యూఎస్ఆర్/బిన్/జావా కొట్టండి. /యూఎస్ఆర్/లిబ్/జేవీఎం కింద ఒక పొడుగాటి దారి వస్తుంది. దాన్ని డీపీకేజీ -ఎస్‌కి ఇవ్వండి, ఎస్ మాత్రం క్యాపిటల్. నాకు ఓపెన్‌జేడీకే-11-జేఆర్ఈ-హెడ్‌లెస్ అని వచ్చింది.

ఈ చిట్కా పనిచేయని చోటు ఒకటుంది. ఉబుంటు 22.04లో /బిన్ అన్నది /యూఎస్ఆర్/బిన్‌కి లింకు. ఎల్ఎస్ కమాండ్ ఎక్కడుందని విచ్‌ని అడిగితే /యూఎస్ఆర్/బిన్/ఎల్ఎస్ అంటుంది, జాబితాలో మాత్రం /బిన్/ఎల్ఎస్ అని ఉంటుంది. మొదటిది ఇస్తే దొరకదు, రెండోది ఇస్తే కోర్‌యుటిల్స్ అనే ప్యాకేజీ పేరు వెంటనే చెప్తుంది. అనుమానంగా ఉంటే కోట్స్ మధ్య '*బిన్/ఎల్ఎస్' అని ఇవ్వండి, ఎలా రాసి ఉన్నా పట్టుకుంటుంది.

ఇదంతా మెషీన్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్నవాటి గురించే. లిబ్‌జీఎల్.ఎస్‌ఓ.1 అనే గ్రాఫిక్స్ లైబ్రరీ ఫైలు లేదని ఏదైనా ప్రోగ్రాం మొరాయిస్తే, ఇన్‌స్టాల్ కాని ప్యాకేజీల్లోనూ ఫైళ్లు వెతికే ఆప్ట్-ఫైల్ వేసుకుని, దాన్ని ఒకసారి అప్‌డేట్ చేసి, సెర్చ్ చేయండి. ఉబుంటులో అది లిబ్‌జీఎల్1 ప్యాకేజీలో ఉంటుంది. ఫెడోరా అనే ఇంకో లినక్స్‌లో అయితే ఉన్న ఫైలుకి ఆర్‌పీఎం -క్యూఎఫ్, లేని ఫైలుకి డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్.

ఒకవేళ ఈపాటికే లింకు తీసేసి ఉంటే కంగారు పడకండి. సూడోతో (అడ్మిన్ హక్కులతో) అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --ఆటో జావా కొడితే మళ్లీ పెడుతుంది. జావా వెర్షన్లు రెండు మూడు ఉంటే తర్వాత --కాన్ఫిగ్ జావాతో మీకు కావలసింది ఎంచుకోండి. ఆ పొద్దున నా సర్వర్ అలాగే లేచింది.