గట్టి పోటీ ఉంటే మంచి నాయకులు గెలుస్తారా, డబ్బున్నవాళ్లు గెలుస్తారా?

రెండూ జరుగుతాయి. ఏది జరుగుతుందనేది చాలావరకు పోలింగ్ రోజు కంటే ముందే, టికెట్ ఇచ్చేటప్పుడే తేలిపోతుంది. ఒక పార్టీ కోసం అభ్యర్థుల సర్వే చేసే బృందంలో పనిచేశాను కాబట్టి ఇది దగ్గర నుంచి చూశాను.

ఆ పార్టీకి కంచుకోటల్లాంటి సీట్లపై మేమిచ్చిన నివేదికలు ఎవరూ తెరిచేవారు కాదు. "అక్కడ ఎవరిని నిలబెట్టినా గెలుస్తాం" అని అధినేతకు నమ్మకస్తుడి పేరు రాసేసేవారు. కిందటిసారి కొద్ది ఓట్ల తేడాతో పోయిన సీటు వచ్చేసరికి మాత్రం ప్రశ్నల మీద ప్రశ్నలు. జనంలో పేరెలా ఉంది? ఫోన్ చేస్తే ఎత్తుతాడా? ఇంతకుముందు పదవిలో ఉన్నప్పుడు ఏం చేశాడు? అలాంటి ఒకచోట ఏళ్లుగా జెండా మోసిన నాయకుణ్ని పక్కనపెట్టి, స్థానిక సంస్థలో పనిచేసిన ఒకావిడకు టికెట్ ఇచ్చారు. ఏ వీధికి తాగునీరు ఎప్పుడు వస్తుందో ఆవిడ కాగితం చూడకుండా చెప్పేది. అక్కడ పార్టీని కదిలించింది ఓడిపోతామన్న భయమే. ఆ భయం ప్రతి సీట్లోనూ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇటలీలో ఇది లెక్కలతో సహా తేలింది. 1994, 1996, 2001 ఎన్నికల్లో అక్కడ పార్లమెంటులో 75 శాతం సీట్లు ఒక్కో నియోజకవర్గానికి ఒక్కో సభ్యుడి పద్ధతిలో నిండేవి. ఇద్దరు ఆర్థికవేత్తలు వాటిని పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించారు. హోరాహోరీ సీట్లలో పార్టీలు ఎక్కువ చదువుకున్నవాళ్లను, రాజకీయాల్లోకి రాకముందు బాగా సంపాదించినవాళ్లను, స్థానిక పాలనలో అనుభవమున్నవాళ్లను దింపాయి. అలాంటి చోట్ల గెలిచినవాళ్లు సభలో ఓటింగ్‌కు గైర్హాజరు కావడం కూడా తక్కువే.

ఇక డబ్బు సంగతి. ప్రచార ఖర్చే గెలుపును తేల్చేచోట పోటీ పెరిగేకొద్దీ పార్టీ సొంత ఖర్చు పెట్టుకోగల గెలుపు గుర్రం కోసమే వెతుకుతుంది. ఓటరుకు అభ్యర్థి గురించి ఏమీ తెలియకపోతే ఇది ఇంకా ముదురుతుంది. భారతదేశంలో సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల తర్వాత అభ్యర్థులు కేసులు, ఆస్తులు, చదువు వివరాలను అఫిడవిట్‌లో చెప్పాల్సి వచ్చింది. అందువల్ల నేరచరితులు ఆగిపోలేదు, కానీ అడగడానికి మన చేతిలో ఒక కాగితం ఉంది.

మీది ఒకే పార్టీ ఎప్పుడూ గెలిచే సీటైతే అసలు పోటీ ఆ పార్టీ లోపలే జరుగుతుంది. టికెట్ ఖరారు కాకముందే ఆశావహులు ఇంతకుముందు పోటీ చేసి ఉంటే అప్పటి అఫిడవిట్లు, పాత పనితీరు చూసి స్థానిక కార్యకర్తలను ప్రశ్నించండి. పేరు ప్రకటించాక అడిగినా మార్చడం చాలా అరుదు.