ఎర్ర నేలలో వాన నీరు ఆగాలంటే

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. నాలుగెకరాల వాలు ఎర్ర నేలలో వేరుశనగ వేస్తాం. గట్టి వాన పడితే నీళ్లు ఎర్రగా పారి, గట్టు ఏటా ఒకేచోట తెగుతోంది. ఏం చేయాలి?

జవాబు: దుక్కి ఎటు దున్నుతున్నారో ముందు చూడండి. వాలు వెంట తీసిన ప్రతి చాలూ ఒక పిల్లకాలువే. ఎకరంలో 20 మిల్లీమీటర్ల నీరు పారిపోతే సుమారు 80,000 లీటర్లు పోయినట్టు, దాంతోపాటు మీరు ఎరువు వేసిన పైమట్టీ! అందుకే వాలుకు అడ్డంగా దున్ని, అడ్డంగానే విత్తాలి.

ఆ అడ్డం సరిగ్గా మట్టంగా ఉందో లేదో కంటి అంచనాతో తేలదు. రెండు మీటర్ల కర్రలు రెండు పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, రాయి కట్టిన దారం వేలాడదీయండి. ఈ చట్రం కాళ్లను ఒకేచోట అటూఇటూ మార్చి నిలిపి, దారం అడ్డకర్రను తాకిన రెండు చోట్లా గీత పెట్టండి. వాటి నడిమి బిందువే సరిమట్టం. దారం అక్కడికి వచ్చేలా కాళ్లు తిప్పుకుంటూ మేకులు పాతుకుంటూ వెళ్లండి.

విత్తాక ప్రతి 3.6 మీటర్లకు, ఆ మట్టం వెంటే ఒక గొడ్డు చాలు (విత్తనం లేని ఖాళీ చాలు) తీయండి. ఊడలు (పూత తర్వాత కాయ కోసం నేలలోకి దిగే కాడలు) దిగకముందే ఈ పని అయిపోవాలి. చాలు మట్టం తప్పితే నీరంతా పల్లానికి చేరి అక్కడే తెంచుకుంటుంది.

మీ గట్టు తెగేదీ అందుకే. మళ్లీ మట్టి పోసి లాభం లేదు. అక్కడే గట్టు పైభాగం కంటే జానెడు తగ్గించి రాళ్లతో అలుగు కట్టండి, నీరు పడేచోట కూడా రాళ్లు పరవండి. లేకపోతే కింద గుంత పడి అలుగే కూలుతుంది. గట్టు మీద వట్టివేరు నాటితే మట్టి పట్టు తప్పదు.