పొద్దున మొండికేసి మధ్యాహ్నానికి తిన్నగా నడిచే పాత డెస్క్‌టాప్: మదర్‌బోర్డు మార్చే ముందు చూడవలసినవి

నమస్కారమండీ. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. పలమనేరులోని మీ జిరాక్స్, డీటీపీ దుకాణంలో 2012లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. అందులో రెండో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 రకం మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. పొద్దున దుకాణం తెరిచి స్విచ్ నొక్కితే ఫ్యాన్ ఒక చుట్టు తిరిగి ఆగిపోతుంది. పదేపదే నొక్కగా ఎప్పటికో లేస్తుంది, లేచిన తరువాత తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోయి ఎఫ్1 నొక్కమని అడుగుతుంది, కొన్ని రోజుల్లో విండోస్ గుర్తు కనబడగానే బ్లూ స్క్రీన్ వచ్చి మళ్లీ మొదటికి వస్తుంది. మధ్యాహ్నానికి మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది. చూసినవారు మదర్‌బోర్డు పోయిందన్నారు, మార్చమంటారా అని మీ ప్రశ్న.

ఇప్పుడే మార్చవద్దండీ. నేను తిరుపతిలో ఇదే వృత్తిలో ఉన్నాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసే మనవంటివారు పాత యంత్రాలను ఎందుకు వదులుకోలేరో మీకు తెలుసు. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఉమ్మడి అక్షర పద్ధతి) కాని ఆ ఫాంట్లతో చేసిన ఫైలును, అదే ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు కనబడదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనబడతాయి. మా దుకాణంలోనూ హెచ్61 బోర్డు ఉన్న కంప్యూటరు ఒకటి చలికాలంలో సరిగ్గా ఇవే లక్షణాలు చూపింది. దానికి కూడా బోర్డు పోయిందనే మాట వచ్చింది. బోర్డు మార్చకుండానే అది ఇప్పటికీ రోజంతా నడుస్తోంది కనుక, దానికి ఏయే పరీక్షలు ఏ వరుసలో చేశానో చెబుతాను.

అన్నిటికంటే ముందు మీ ఫైళ్లను బయటికి తీయండి. మధ్యాహ్నం అది బాగా నడుస్తున్న వేళ పనిఫైళ్లతో పాటు ఫాంట్ల ఫోల్డరునూ, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ ఫైళ్లనూ కూడా వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. ఫాంట్లను వదిలేసి ఫైళ్లను మాత్రమే దాచుకుంటే మనకు దక్కేది సగమే. పొద్దుటిపూట పదేపదే స్విచ్ నొక్కడం కూడా ఈ రోజుతోనే మానండి. సగంలో ఆగిన ప్రతిసారీ హార్డ్ డిస్క్ మోటారు తిరగబోయి ఆగుతుంది, పాత డిస్కుకు అది మంచిది కాదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూస్తే, డిస్కులో పాడైన చోట్లను లెక్కించే 05, సీ5, సీ6 అని ఉన్న వరుసల చివరి గడుల్లో సున్నా ఉండాలి. అక్కడ అంకెలు ఉండి, అవి వారం వారం పెరుగుతూ ఉంటే డిస్కును నమ్మవద్దు. సీ7 ఒక్కటే పెరుగుతూ ఉంటే అనుమానించవలసినది డిస్కును కాదు, దాన్ని బోర్డుకు కలిపే సాటా కేబులును.

ఇక అసలు విషయం. మీరు దీన్ని ఒకే జబ్బు అనుకుంటున్నారు, కానీ ఇందులో రెండు వేర్వేరు లోపాలు ఉన్నాయని నా అభిప్రాయం. తేదీ పోవడం, బ్లూ స్క్రీన్ రావడం ఒకటి. ఫ్యాన్ తిరిగి ఆగిపోవడం ఇంకొకటి. రెండూ ఒకేసారి బయటపడడానికి ఉమ్మడి కారణం ఏమిటంటే, రాత్రి దుకాణం మూసేటప్పుడు మనం మెయిన్ ఆపేస్తాం.

తేదీ సంగతి చూద్దాం. బోర్డు మీద రూపాయి బిళ్లలా కనబడే సీఆర్2032 సెల్ ఒకటి ఉంటుంది. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ, కంప్యూటరు ఆపి ఉన్నా సరే, గోడ కరెంటును బోర్డుకు కావలసిన తక్కువ వోల్టేజీలుగా మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది కాబట్టి గడియారానికి సెల్‌తో పెద్దగా అవసరం పడదు. మెయిన్ ఆపేసిన రాత్రుల్లో భారమంతా సెల్ మీదే పడుతుంది. అందుకే ఇళ్లలోని కంప్యూటర్ల కంటే దుకాణాల కంప్యూటర్లలో ఈ సెల్ త్వరగా అయిపోతుంది. కొత్త సెల్ మల్టీమీటరులో 3 వోల్టులు, లేదా ఇంకాస్త పైన చూపుతుంది. 2.7 కంటే తగ్గిందంటే మార్చేయవలసినదే. మా దాంట్లో 2.4 చూపింది. కొత్తది కొనేటప్పుడు కొట్టులోనే మీటరు పెట్టి చూసుకోండి, ఏళ్ల తరబడి అరలో పడి ఉన్న సెల్‌లు కూడా అమ్మకానికి వస్తాయి.

బ్లూ స్క్రీన్‌కూ ఈ సెల్‌కూ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు, అందువల్ల జరిగే నష్టం చిన్నది కాదు. సెల్ అయిపోయి బయాస్ (విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) తన అమరికలను మరిచిపోయినప్పుడు తేదీ ఒక్కటే పోదు. హార్డ్ డిస్క్‌తో ఏ పద్ధతిలో మాట్లాడాలన్న అమరిక కూడా ఫ్యాక్టరీ స్థితికి పోతుంది. ఆ పద్ధతుల్లో కొత్తది ఏహెచ్‌సీఐ, పాతది ఐడీఈ. మీ విండోస్‌ను ఏహెచ్‌సీఐ పద్ధతిలో వేసి ఉండి, బయాస్ తిరిగి ఐడీఈకి వెళ్లిపోతే, విండోస్‌కు తన డిస్కే అందదు. అప్పుడు బ్లూ స్క్రీన్ వస్తుంది, దాని మీది కోడ్ చివర 7బీ ఉంటుంది (విండోస్ 10లో ఆ అంకెకు బదులు INACCESSIBLE_BOOT_DEVICE అనే మాట ఉంటుంది). మీరు ఈసారి ఆ కోడ్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. 7బీ అయితే బయాస్‌లోకి వెళ్లి సాటా మోడ్ దగ్గర ఏహెచ్‌సీఐ పెట్టి సేవ్ చేస్తే విండోస్ మామూలుగా తెరుచుకుంటుంది. ఇది తెలియక విండోస్ పాడైందని ఫార్మాట్ చేయించుకుని, ఏళ్లనాటి పనిని పోగొట్టుకున్నవారిని నేను చూశాను. ఎవరు చెప్పినా ఈ మాట తేలేవరకు ఫార్మాట్‌కు ఒప్పుకోకండి.

సెల్ మార్చేటప్పుడు ప్లగ్గు పూర్తిగా ఊడదీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టి, మిగిలిన కరెంటును పోనివ్వండి. పక్కనున్న చిన్న కొక్కేన్ని నొక్కితే సెల్ పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు ఉన్న వైపు పైకి ఉండేలా కొత్తదాన్ని పెట్టి, తేదీ, సాటా మోడ్, బూట్ వరుస సరిచేయండి. తేదీ సరిగ్గా ఉంటే, బ్యాంకు, ప్రభుత్వ వెబ్‌సైట్లు కనెక్షన్ సురక్షితం కాదని తిప్పికొట్టే ఇబ్బంది కూడా పోతుంది.

సెల్ మార్చినంత మాత్రాన పొద్దుటి మొండితనం చాలావరకు పోదు. దానికి కారణం ఎస్‌ఎంపీఎస్‌లో ఉంటుందని నా నమ్మకం. అందులో కరెంటును కొంత నిల్వ ఉంచి నిలకడగా అందించే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ వేడికి అది ఎండిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క ఉంది. మన చిత్తూరు, తిరుపతి ఎండల్లో, దుమ్ము పట్టిన డబ్బాలో దాని గతి ఏమిటో ఊహించుకోవచ్చు. ఎండిన కెపాసిటర్‌లో అంతర్గత నిరోధం పెరుగుతుంది, చలికి అది మరింత పెరుగుతుంది, కాస్త వేడెక్కితే తగ్గుతుంది. ఎస్‌ఎంపీఎస్ తన వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని బోర్డుకు పవర్ గుడ్ అనే సంకేతం పంపాలి, మంచి స్థితిలో ఉన్నది 100 నుంచి 500 మిల్లీసెకన్లలో పంపుతుంది. చల్లగా ఉన్నప్పుడు వోల్టేజీలు కుదురుకోక ఆ సంకేతం రాదు, వచ్చినా నిలవదు, ఫ్యాన్ తిరిగి ఆగిపోతుంది. మీరు పదేపదే నొక్కేకొద్దీ కెపాసిటర్లు కొంచెం కొంచెంగా వేడెక్కి చివరికి కంప్యూటరు లేస్తోంది. మొగిలి ఘాట్ ఎక్కి వచ్చే మీ ఊళ్లో డిసెంబరు పొద్దులు మా తిరుపతి కంటే చల్లగా ఉంటాయి కాబట్టి మీకు ఈ బాధ ఇంకా ఎక్కువగా కనబడడం సహజమే.

దీన్ని పైసా ఖర్చు లేకుండా పరీక్షించవచ్చు. ఉరుములు మెరుపులు లేని ఒక్క రాత్రి, కంప్యూటరును మామూలుగా ఆపి, గోడ స్విచ్‌ను మాత్రం వేసే ఉంచండి. స్టాండ్‌బై భాగం రాత్రంతా గోరువెచ్చగా ఉంటుంది. మరునాడు పొద్దున ఒక్క నొక్కుతోనే లేస్తే అనుమానం దాదాపు తీరినట్టే. రోజూ అలాగే ఉంచమని నేను చెప్పను, అది పరీక్షకే తప్ప వైద్యానికి పనికిరాదు.

తరువాత మల్టీమీటరు. కంప్యూటరు నడుస్తుండగా, వాడకంలో లేని నాలుగు తీగల పాత రకం కనెక్టరులో నల్ల తీగకూ పసుపు తీగకూ మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు, నల్ల తీగకూ ఎర్ర తీగకూ మధ్య 4.75 నుంచి 5.25 వోల్టులు ఉండాలి. మీటరు మొనలు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్తపడండి. దీన్ని పొద్దున లేవగానే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడాలి. మా కంప్యూటరులో పసుపు తీగ మీద పొద్దున 11.1 ఉండి, వేడెక్కేకొద్దీ 11.7 దాకా వచ్చేది. ఆకుపచ్చ తీగనూ నల్ల తీగనూ పిన్నుతో కలిపి, ఫ్యాన్ తిరిగింది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందని తేల్చేవారు ఉన్నారు. ఆ పరీక్షలో లోడు ఏమీ ఉండదు కనుక దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. తెలిసినవారి దగ్గర బాగా పనిచేస్తున్న ఎస్‌ఎంపీఎస్‌ను ఒక్క పూట అరువు తెచ్చి, పొద్దుటిపూట తగిలించి చూడడమే తిరుగులేని పరీక్ష.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మీరు విప్పవద్దు. 230 వోల్టుల కరెంటు లోపల సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా అది పెద్ద కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉండవచ్చు. మాది మార్చిన తరువాత పాతదాన్ని టీవీలు బాగుచేసే మెకానిక్ విప్పి చూపించారు. తీగలు బయటికి వచ్చే వైపు రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి, తల మీది గాట్లు విచ్చుకుని, అడుగున గోధుమరంగు జిగురు ఎండి అట్టకట్టి ఉంది. ఇటువంటివే మీ బోర్డు మీద, ప్రాసెసర్ చుట్టూ, ర్యామ్ స్లాట్ల పక్కన ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఒకటి రెండు ఉబ్బి ఉంటే, అదే విలువ గల, 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకం తెచ్చి టంకం వేయగలవారు చేసిపెడతారు. బోర్డు మొత్తాన్ని పారవేయనక్కరలేదు.

కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు పైన పెద్ద అక్షరాల్లో రాసిన వాట్ల అంకెను పక్కన పెట్టి, 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చదవండి. 18 ఆంపియర్లంటే 216 వాట్లు. మీ ఐ3 ప్రాసెసర్ 65 వాట్ల రకం, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి అది ధారాళంగా సరిపోతుంది. తిరుపతిలో దొరకని పాత విడిభాగాలకు మావాళ్లు చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు వెళ్తుంటారు, మీకు దీనికి అంత దూరం అవసరం రాదు.

గోడ వైపు కూడా ఒక చూపు వేయండి. క్యాబినెట్ పెయింటు లేని చోట టెస్టర్ పెడితే వెలుగుతోందంటే ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టరు గుండా సుమారు 115 వోల్టులు డబ్బాకు వచ్చి నిలుస్తాయి, ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఎండాకాలంలో ఎర్త్ గుంట ఎండిపోతే నీళ్లు పోయించాలి. ర్యామ్‌ను తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో తేలికగా రుద్ది, తుడిచి పెట్టడం ఎలాగూ చేయండి. ప్రాసెసర్ ఫ్యాన్ కింద దుమ్ము చాప కట్టి ఉంటే బ్రష్‌తో దులపండి. ఈ పనులన్నీ ఒకే రోజు చేయకుండా ఒకటి చేసి రెండు మూడు పొద్దులు చూసిన తరువాతే మరొకటి చేయండి, లేకపోతే ఏది నయం చేసిందో తెలియదు.

అరువు తెచ్చిన ఎస్‌ఎంపీఎస్‌తో, కొత్త సెల్‌తో, ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచి, హార్డ్ డిస్క్ కూడా ఊడదీసినా పొద్దున అదే తీరుగా ఉంటే అప్పుడు బోర్డును అనుమానించండి. అప్పుడు కూడా కొత్త బోర్డుకు పెద్ద మొత్తం పెట్టమని నేను చెప్పను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, రెండో తరం ఐ3 విండోస్ 11కు అర్హమైన ప్రాసెసర్ల జాబితాలో లేదు. ఆ డబ్బును ఇంకాస్త కొత్త తరం కంప్యూటరు మీద పెట్టి, ఈ పాతదాన్ని ఇంటర్నెట్ తగిలించకుండా పేజ్‌మేకర్ పనికే ఉంచుకోవడం మేలు. సెల్ వోల్టేజీ, పసుపు తీగ మీద పొద్దుటి అంకె, మధ్యాహ్నపు అంకె, బ్లూ స్క్రీన్ కోడ్, ఈ నాలుగూ రాయండి. వాటిని బట్టి ఎస్‌ఎంపీఎస్ కొనవలసిన అవసరం ఉందో లేదో చెబుతాను.