స్టీరింగ్ ముందు కూర్చోవడం కూడా పనేనమ్మా

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. నా వయసు 39. కాకినాడలో లెక్చరర్‌ని. వారంలో ఆరు రోజులూ నేనే కారు నడుపుకుంటూ యానాం మీదుగా వెళ్ళొస్తాను. రానూ పోనూ మూడుంపావు గంటలు. 'ఏసీ కార్లో కూర్చుని వచ్చేదానికి అలసటేంటి?' అంటారు అత్తయ్యగారు. అంత కష్టంగా ఉంటే ఉద్యోగం మానెయ్యమంటారు మావారు. ఏడో తరగతి చదివే మా బాబు లెక్కల పుస్తకం పట్టుకొస్తే విసుక్కుంటున్నాను. ఈమధ్య సాయంత్రాలు యానాంలో గోదారి ఒడ్డున కారు ఆపి పావుగంట ఊరికే కూర్చుంటున్నాను. ఇంట్లో చెప్పలేదు. ఇంటికి వెళ్ళాలనిపించకపోవడం తప్పా మేడమ్?

జవాబు: తప్పు కాదమ్మా. మీకు ఇల్లంటే విముఖత లేదు. ఒక డ్యూటీ ముగించి ఇంకో డ్యూటీలో అడుగుపెట్టే ముందు కాస్త ఊపిరి కావాలి, అంతే.

మీరు రాసినదాన్నే లెక్కేశాను. రోజుకి మూడుంపావు చొప్పున ఆరు రోజులకి పందొమ్మిదిన్నర గంటలు. ఎనిమిది గంటల డ్యూటీలు రెండు పోగా ఇంకా మూడున్నర గంటలు మిగులుతాయి. ఇంత పని మీ ఇంట్లో ఎవరి లెక్కలోకీ రావడం లేదు. మన దేశంలో 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదంది. జీతానికి బండి నడిపేవాళ్ళ కోసం చేసిన చట్టమే అయినా, డ్రైవింగ్ శ్రమేనని అది ఒప్పుకున్నట్టేగా! జీతం రానంత మాత్రాన మీ కళ్ళకీ నడుముకీ ఆ శ్రమ తగ్గదు కదా.

పైగా అది మన కోనసీమ రోడ్డు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం, ముందేమో వెనక లైటు లేని ట్రాక్టరు, ఎదురుగా కొబ్బరికాయల లారీ. చలికాలం పొద్దున్నే మంచులో బానెట్ అవతల ఏముందో కనపడదు. కుడికాలు బ్రేకు మీదే కాచుకుని ఉంటుంది. ఇంటికొచ్చి పడుకున్నాక కూడా ఎదుటి బండి లైట్లు కళ్ళలో మెదులుతున్నాయంటే ఒళ్ళు ఇంకా ఆ రోడ్డు మీదే ఉందన్నమాట. అలాంటి సమయంలో భిన్నాల లెక్క అడిగితే ఎవరికైనా చిరాకే వస్తుంది.

అత్తయ్యగారి మీద కోపం పెట్టుకోకండి. యానాం నుంచి అవతలి ఒడ్డు ఎదుర్లంకకి గోదారి మీద బాలయోగి వారధి రాకముందు అక్కడ పంటు మీద, అంటే బండ్లనీ మనుషుల్నీ దాటించే పెద్ద పడవ మీద దాటడం ఆవిడకు గుర్తుండే ఉంటుంది. పంటు వచ్చేదాకా రేవులో నిలబడి, గాలి పీల్చుకుని, నలుగురితో మాట్లాడేవారు. బండి తోలేవాడికీ ఆ కాసేపు విశ్రాంతే. వారధి వచ్చి ప్రయాణం దగ్గరయింది, ఆ ఆగడం పోయింది. మీ పావుగంట ఆ పంటు రేవు లాంటిదే. మానకండి, కానీ దాచకండి. 'యానాంలో కాసేపు ఆగి వస్తాను' అని ఇంట్లో చెప్పండి. దాపరికమే మిమ్మల్ని ఎక్కువ తినేస్తోంది. ఒక్కటి మాత్రం, వారధి మీద ఎప్పుడూ ఆపకండి. దాటకముందే ఒడ్డున ఆపుకోండి.

మీవారికి కంప్లయింట్‌లా చెబితే మళ్ళీ 'మానెయ్' అనే అంటారు. రెండు వారాలు బయల్దేరిన టైమూ చేరిన టైమూ క్యాలెండర్ మీద రాసి చూపించండి. ఆ తర్వాత ఒక శనివారం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళండి. వచ్చేటప్పుడు స్టీరింగ్ ఆయనకివ్వండి. ఉద్యోగం మానాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవాల్సిన మాట. ఇంత అలసటలో మాత్రం ఆ నిర్ణయం వద్దు.

వారానికి రెండు రోజులు ఆర్టీసీ బస్సు ఎక్కండి. అరగంట ఆలస్యమైనా ఆరున్నర గంటల డ్రైవింగ్ తగ్గుతుంది. మీ వైపు నుంచి వచ్చే సహోద్యోగి ఉంటే కారూ పెట్రోలూ పంచుకోండి. డ్రైవింగ్‌లో కునుకు వస్తే అద్దం దించడం, పాటలు పెట్టడం పనిచెయ్యవు. బండి పక్కకు తీసి, తలుపులు లాక్ చేసుకుని ఇరవై నిమిషాలు పడుకోండి. ఆలస్యమవుతుందని ముందే ఫోన్ చెయ్యండి.

బాబుకి సారీ చెప్పండి. పిల్లలు ఇట్టే అర్థం చేసుకుంటారు. 'లెక్కల పుస్తకం నువ్వు బస్సులో వచ్చే రోజు తీద్దామమ్మా' అని వాడితోనే అనిపించండి.