స్కాన్ నార్మల్, అయినా బాబుకు తలనొప్పి తగ్గడం లేదు?

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. మూడు వారాల క్రితం ఆడుకుంటూ పడ్డాడు, తలకు దెబ్బ తగిలింది. సీటీ స్కాన్ నార్మల్, కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అన్నారు. రోజూ సాయంత్రానికి తలనొప్పి అంటున్నాడు. రోజూ పారాసెటమాల్ వేస్తూ, బడి మాన్పించి చీకటి గదిలో పడుకోబెడుతున్నాం. ఎప్పటికి తగ్గుతుంది?

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. ముందు ఒక మాట, బాబు చెప్పేది నమ్మండి. పుర్రె చిట్లిందా, లోపల రక్తం కారిందా అన్నది సీటీ స్కాన్‌లో తెలుస్తుంది గానీ, కంకషన్‌లో తేడా వచ్చేది మెదడు పనితీరులో, అది స్కాన్‌లో కనిపించదు. అందుకే రిపోర్టు బాగుండి కూడా తల నొప్పి పెడుతుంది. చాలామంది పిల్లలకు నాలుగు వారాల్లోపు తగ్గిపోతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ పట్టొచ్చు.

మీరు వెంటనే మార్చుకోవాల్సింది రోజూ మాత్ర వేయడం. మొదటి కొద్ది రోజులు పర్లేదు. కానీ వారాల తరబడి వేస్తూ పోతే ఆ మందు వల్లే తలనొప్పి పట్టుకుంటుంది, అప్పుడు ఏది దెబ్బ నొప్పో ఏది మందు నొప్పో మాకే తేల్చడం కష్టమవుతుంది. వారానికి రెండు మూడు రోజులకు మించకుండా, బాబు బరువుకు తగ్గ మోతాదులో, నొప్పి బాగా ఉన్నప్పుడే ఇవ్వండి. ఆస్పిరిన్ మాత్రం వద్దు.

చీకటి గది కూడా ఇక చాలు. పూర్తి విశ్రాంతి మొదటి ఒకటి రెండు రోజులకే, ఆ తర్వాత అలాగే పడుకోబెడితే నిద్ర చెడి, దిగులు పెరిగి, నొప్పి ఇంకా లాగుతుంది. రోజూ కాసేపు నడిపించండి. బడికి మొదట్లో ఒక పూటే పంపండి, మధ్యలో తల బరువెక్కితే కాసేపు కూర్చోనివ్వమని టీచర్‌కు చెప్పండి. వేళకు నిద్ర, తిండి, సరిపడా నీళ్లు, ఇవి మాత్రల కన్నా ఎక్కువ పని చేస్తాయి. మెడ పట్టేసినట్టుందా, చదువుతుంటే అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయా అని కూడా అడగండి, ఒక్కోసారి నొప్పి అక్కడి నుంచే వస్తుంది.

నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, లేపినా లేవనంత మత్తు, ఫిట్స్, మాట తడబడటం, కాలో చెయ్యో పట్టు తప్పడం కనిపించినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అలాంటివి లేకున్నా నాలుగు వారాలు దాటితే మళ్లీ డాక్టర్‌కు చూపించండి.

ఆటలు మాత్రం ఇప్పుడే కాదు. తలనొప్పి పూర్తిగా పోయి, బడిలో రోజంతా మామూలుగా కూర్చోగలిగి, డాక్టర్ చూసి సరేనన్నాకే మైదానంలోకి పంపండి. మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే అది మొదటిదానిలా ఉండదు.