పార్కిన్సన్స్‌లో గొంతు తగ్గడం, నీళ్లకు పొలమారడం ఎందుకు?

బెంగళూరులో ఉంటున్న తమ నాన్నగారికి పార్కిన్సన్స్ జబ్బు వచ్చాక మాట గొణుగుడులా వస్తోందని, నీళ్లు తాగితే పొలమారుతోందని, ఎందుకని ఒకరు అడిగారు.

రెండింటికీ మూలం ఒకటే. మెదడులో కదలికలకు తోడ్పడే డోపమైన్ అనే రసాయనం తగ్గడంతో నాలుక, గొంతు, ఊపిరి కండరాల కదలికలు చిన్నవై నెమ్మదిస్తాయి. పైగా తాను మామూలుగానే మాట్లాడుతున్నానని ఆయనకు అనిపిస్తుంది. అందుకే ‘గట్టిగా చెప్పండి’ అన్న ఒక్క మాటే బాగా పనిచేస్తుంది. గట్టిగా మాట్లాడటం అలవాటు చేసే ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ అనే శిక్షణకు ఆధారం ఇదే: వారానికి 4 రోజులు, రోజుకు గంట, 4 వారాలు. బెంగళూరులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో స్పీచ్ పాథాలజీ (మాట సమస్యలు చూసే) విభాగం ఉంది.

మింగడం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పల్చటి నీళ్లు వేగంగా జారి, ఊపిరిగొట్టం మూసుకునేలోపే అందులోకి పోతాయి, ఒక్కోసారి దగ్గు కూడా రాకుండా. తిన్నాక గొంతు తడిగా గురగురలాడినా, ఛాతీ ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తున్నా మింగుడు పరీక్ష ఆలస్యం చేయకండి. నిటారుగా కూర్చోబెట్టండి, చిన్న గుక్కలే ఇవ్వండి, తిన్నాక 30 నిమిషాలు పడుకోనివ్వకండి. రసం అన్నంలో నీళ్లు, మెతుకులు విడిపోతాయి కాబట్టి మెత్తగా కలిపిన పెరుగన్నం నయం. రాగి ముద్దను నమలకుండా మింగే అలవాటుంటే మాన్పించండి. గడ్డం దించి మింగడం, నీళ్లు చిక్కబరచడం అందరికీ సరిపడవు. మింగుడు పరీక్ష చూసి స్పీచ్ థెరపిస్టు చెప్పాకే మొదలుపెట్టండి.